వాల్ డ్రగ్, సౌత్ డకోటా: ఐసు నీళ్ల కోసం 285 మైళ్లు

ముందే చెప్పేస్తున్నా, అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రంలోని వాల్ అనే ఊళ్లో ఉన్న వాల్ డ్రగ్ అనే కొట్టుకి నా లెక్కలో అయిదుకి నాలుగున్నర. అయితే ఈ మార్కులు తూర్పు వైపు నుంచి కారులో వచ్చేవాళ్లకి మాత్రమే. ర్యాపిడ్ సిటీలో విమానం దిగి, అక్కడి నుంచి గంటలోపు డ్రైవ్ చేసి చూసేవాళ్లకి ఇది బొమ్మలూ టీషర్టులూ అమ్మే పెద్ద కొట్టులా కనిపిస్తుంది, వాళ్లు మూడు ఇచ్చినా నేనేమీ అనను. ఈ కొట్టు నచ్చాలంటే దీనికి ముందు ఉన్న ఆ ఖాళీ అంతా దాటి రావాలి, నాలుగు గంటలు చెట్టు కనపడక, ఊరు కనపడక, గొంతు ఎండిపోయి రావాలి. అందుకే ఈ రివ్యూలో కొట్టు గురించి ఎంత రాస్తానో రోడ్డు గురించి కూడా అంత రాస్తాను.

మేం ఈ రాష్ట్రం తూర్పు అంచున ఉన్న సూ ఫాల్స్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న చుట్టాలు ఎవరు ఫోన్ చేసినా "సౌత్ డకోటానా, అక్కడ ఏముంటుందే?" అని ఒకటే మాట. నిజానికి మనవాళ్లు ఇక్కడికి రావడానికి గట్టి కారణమే ఉంది. 1980లో ఈ రాష్ట్రం వడ్డీ మీద ఉన్న పరిమితి ఎత్తేసింది, ఆ మరుసటి ఏడాదే సిటీబ్యాంక్ తన క్రెడిట్ కార్డుల వ్యాపారాన్ని న్యూయార్క్ నుంచి సూ ఫాల్స్‌కి తెచ్చింది, దాని వెనకే మిగతా బ్యాంకులు, వాటి వెనకే సాఫ్ట్‌వేర్ పనులు. ఇప్పుడు బ్రూకింగ్స్‌లో, మ్యాడిసన్‌లో యూనివర్సిటీలకి చదువుకోడానికి వచ్చే మన పిల్లలు కూడా ఉన్నారు. అయినా సూ ఫాల్స్‌లో ఉండి సౌత్ డకోటా చూశామంటే నేను ఒప్పుకోను. రాష్ట్రం మొత్తం జనాభా 2020 లెక్కల్లో 8,86,667. అందులో అయిదో వంతుకి పైగా మా ఊళ్లోనే ఉంటారు. విస్తీర్ణం చూస్తే దాదాపు రెండు లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దది. అంత నేల మీద తొమ్మిది లక్షల మంది కూడా లేరు. ఆ సంఖ్య కాగితం మీద చదివితే ఒక రకం, రోడ్డు మీద చూస్తే ఇంకో రకం.

మొన్న జూన్‌లో మా నాన్న వచ్చారు. కొవ్వూరు డిపోలో ముప్పై ఏళ్లకి పైగా ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. ఆయనకి బిల్డింగులు చూపిస్తే అయిదు నిమిషాల్లో చూసేస్తారు, రోడ్డు చూపిస్తే మాత్రం పొద్దుటి నుంచి రాత్రి దాకా కిటికీలోంచి కళ్లు తిప్పరు. అందుకే అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కిన కొండ మౌంట్ రష్‌మోర్‌కి విమానం వద్దనుకుని, పులిహోర, పెరుగన్నం, మజ్జిగ సీసాలు సర్దుకుని పొద్దున్నే ఆరింటికి ఇంటర్‌స్టేట్ 90 ఎక్కాం. నేను, మా ఆయన, ఏడేళ్ల పాప, నాన్న.

ఈ రోడ్డు లెక్క ముందు తెలుసుకుంటే ప్రయాణం భలే బాగుంటుంది. మైలురాళ్లు పడమట వయోమింగ్ సరిహద్దు దగ్గర సున్నాతో మొదలై తూర్పున మినెసోటా సరిహద్దు దగ్గర 412 దాటాక అయిపోతాయి. ఎగ్జిట్ నంబర్లూ అవే. అంటే మీరు పడమటికి వెళ్తుంటే నంబర్లు తగ్గుతూ వస్తాయి, ఏ ఎగ్జిట్ చూసినా రాష్ట్రం చివరికి ఇంకా ఎన్ని మైళ్లో తెలిసిపోతుంది. సూ ఫాల్స్ దగ్గర 396. మిచెల్ 332. ఛాంబర్లిన్ 263. వాల్ 110. నాన్నకి ఇది ఒక్కసారి చెప్పాను, ఇక దారి పొడుగునా జీపీఎస్ అక్కర్లేకుండా ఆయనే లెక్కలు చెప్పారు.

మొదటి రెండు గంటలు అంతా మొక్కజొన్న, సోయా. రోడ్లు ఒక మైలుకి ఒకటి చొప్పున నిలువుగా, అడ్డంగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. ఒకప్పుడు సర్వే వాళ్లు నేల మొత్తాన్ని మైలు చదరాలుగా కోసి పంచిన గుర్తులవి. మిచెల్‌లో కార్న్ ప్యాలెస్ ఉంది, 1892 నుంచీ ఏదో ఒక రూపంలో ఉన్న భవనం, గోడల మీద రంగురంగుల మొక్కజొన్న కంకులతో బొమ్మలు అతికిస్తారు, వాటిని మళ్లీ మళ్లీ మారుస్తారు. అరగంట చాలు. పాపకి నచ్చింది, నాన్న మాత్రం కంకులు ఎండితే రంగు ఎలా నిలుస్తుందని అక్కడి అమ్మాయిని అడిగి, అవి ఏ రంగుకి ఆ రంగు పండించిన కంకులేనని తెలుసుకుని గాని కదల్లేదు.

వాల్ డ్రగ్ బోర్డులు చూడటం మొదలయ్యేది ఈ దారిలోనే. చెక్క మీద చేత్తో రాసినట్టున్న బోర్డులు, పొలాల గట్ల మీద, కంచెల పక్కన. ఉచితంగా ఐసు నీళ్లు. అయిదు సెంట్లకే కాఫీ. మళ్లీ పది మైళ్ల తర్వాత ఇంకొకటి. మొదట్లో ఎవరూ పట్టించుకోరు. ఛాంబర్లిన్ దాటేసరికి కారులో అందరూ బోర్డుల కోసమే చూస్తుంటారు, ఎందుకంటే చూడటానికి గడ్డి తప్ప ఇంకేమీ ఉండదు. పాప అరవై దాకా లెక్కపెట్టి నిద్రపోయింది.

ఛాంబర్లిన్ దగ్గర ఆగకుండా వెళ్లొద్దు, నా మాట వినండి. అక్కడ కొండ మీద రెస్ట్ ఏరియా ఉంది, దాని కింద మిస్సోరి నది. ఈ రాష్ట్రాన్ని నిట్టనిలువునా రెండు ముక్కలు చేసేది ఆ నదే. ఇక్కడి మనుషులు తమ గురించి చెప్పుకునేటప్పుడు వాడే మొదటి మాట కూడా అదే: ఈస్ట్ రివర్, వెస్ట్ రివర్. "మీరు ఈస్ట్ రివరా, వెస్ట్ రివరా" అని ఆఫీసులో నన్ను మొదటి వారమే అడిగారు. నాకు ఆ ప్రశ్న ఎంత దగ్గరగా అనిపించిందో చెప్పలేను. పశ్చిమ గోదావరిలో పుట్టి, రోజూ వంతెన దాటి రాజమండ్రి కాలేజీకి వెళ్లినదాన్ని, అవతలి గట్టు వాళ్ల వెటకారం వేరు, మన గట్టు వాళ్ల వెటకారం వేరు అని వింటూ పెరిగినదాన్ని. కాకపోతే గోదారికి అటూ ఇటూ ఒకే వరి, ఒకే కొబ్బరి. ఇక్కడ నది దాటితే నేలే మారిపోతుంది.

దానికి కారణం వేల ఏళ్ల కిందటి మంచు. మంచుయుగంలో పెద్ద హిమానీనదాలు ఉత్తరం నుంచి వచ్చి తూర్పు సగాన్ని నున్నగా చదును చేసి మెత్తటి మట్టి పరిచి వెళ్లాయి. ఆ మంచు అంచు ఎక్కడ ఆగిందో దాదాపు ఆ గీత వెంటే ఇప్పుడు మిస్సోరి పారుతోంది. పడమటి వైపు మంచు చదును చెయ్యలేదు, అందుకే అక్కడ గుట్టలు, కోసుకుపోయిన లోయలు, గడ్డి. పైగా పడమటికి వెళ్లేకొద్దీ వాన తగ్గుతుంది. తూర్పున పంట, పడమట పశువులు. తూర్పున రైతు విత్తనాల కంపెనీ ఇచ్చిన టోపీ పెట్టుకుంటే, పడమట పశువుల కాపరి అంచు వెడల్పు టోపీ పెట్టుకుంటాడు, ఇక్కడి వాళ్లే చెప్పే గుర్తు ఇది. వాతావరణం కబుర్లు కూడా వేరు. తూర్పున మొక్కజొన్న ధర గురించి మాట్లాడితే, పడమట 2013 అక్టోబరులో వచ్చిన మంచు తుఫానులో ఎవరికి ఎన్ని ఆవులు పోయాయో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి పశువులకి చలికాలపు బొచ్చు కూడా పూర్తిగా రాలేదు, వేలకి వేలు చచ్చిపోయాయి. రాజధాని పీర్ మాత్రం ఈ రెంటికీ మధ్య నది ఒడ్డునే ఉంది, ఇంటర్‌స్టేట్‌కి ముప్పై మైళ్లకి పైగా ఉత్తరాన. ఇంటర్‌స్టేట్ తగలని రాష్ట్ర రాజధానులు అమెరికాలో చాలా తక్కువ, అందులో ఇదొకటి.

నాన్న రెస్ట్ ఏరియా గట్టు మీద నిలబడి చాలాసేపు నీళ్లు చూశారు. తర్వాత "ఇది నదిలా లేదు అమ్మాయ్, చెరువులా ఉంది. నీళ్లు కదలట్లేదు" అన్నారు. ఆరేళ్లుగా ఇక్కడ ఉంటూ నేను గమనించని సంగతి ఆయన పది నిమిషాల్లో పట్టేశారు. అక్కడ ఉన్నది నిజంగానే రిజర్వాయరు. 1944లో చేసిన చట్టం కింద మిస్సోరి మీద వరసగా ఆనకట్టలు కట్టారు, నాలుగు ఈ రాష్ట్రంలోనే: ఓయాహే, బిగ్ బెండ్, ఫోర్ట్ ర్యాండల్, గావిన్స్ పాయింట్. ఆ నీళ్ల కింద మునిగిన నేలలో చాలా భాగం ఆదివాసీలకి కేటాయించిన రిజర్వేషన్ భూములది, ఛాంబర్లిన్‌కి కాస్త ఎగువన ఉన్న క్రో క్రీక్, లోయర్ బ్రూల్ వాళ్లది కూడా. నది పక్కన ఉన్న చెట్లూ, సారవంతమైన భూములూ పోయి వాళ్లు పైన గాలి కొట్టే మెట్టకి వెళ్లాల్సి వచ్చింది. నాన్న ఇంకేమీ అడగలేదు. ఆయన పోలవరం బస్సు నడిపారు. ముంపు ఊళ్ల నుంచి సామాన్లు కట్టుకుని ఎక్కినవాళ్ల పేర్లు ఆయనకి ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆ గట్టు మీదే డిగ్నిటీ అని ఒక ఆదివాసీ స్త్రీ విగ్రహం ఉంది, యాభై అడుగుల ఎత్తు, స్టీలుతో చేసింది, 2016లో పెట్టారు. రెండు చేతులతో వీపు వెనక నక్షత్రాల దుప్పటి పట్టుకుని కప్పుకోబోతున్నట్టు నిలబడి ఉంటుంది. ఆ దుప్పటిలోని నీలం పలకలు గాలికి కదులుతాయి. మౌంట్ రష్‌మోర్ కన్నా నాకు ఇదే ఎక్కువ ఇష్టం, ఎన్నిసార్లు వెళ్లినా అయిదు నిమిషాలు మాట్లాడకుండా చూస్తాను.

నది దాటాక స్పీడు లిమిట్ 80 మైళ్లు అన్న బోర్డు అర్థమవుతుంది (2015 నుంచి అంతే), ఎందుకంటే నెమ్మదిగా వెళ్లాల్సిన అవసరం ఎక్కడా కనపడదు. ఇక్కడ ఒక్క జాగ్రత్త. ట్యాంకు సగానికి రాగానే పెట్రోలు కొట్టించండి, "వచ్చే ఊళ్లో చూద్దాం" అనుకోవద్దు. మొదటిసారి వచ్చినప్పుడు మేం అలాగే అనుకుని, ఎర్ర లైటు వెలిగాక ఏసీ ఆపేసి, కిటికీలు దించుకుని ఇరవై మైళ్లు వెళ్లాం, ఆ టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది. మర్డో దాటిన కాసేపటికి టైం జోన్ కూడా మారి గడియారం గంట వెనక్కి వెళ్తుంది. చలికాలంలో అయితే మంచు తుఫాను వచ్చినప్పుడు ఇంటర్‌స్టేట్ ఎక్కే చోట్ల రైల్వే గేటు లాంటి గేట్లు వేసేస్తారు, రోడ్డు తెరిచేదాకా ఊళ్లోనే ఉండాలి. ఆ గేట్లు చూసి నాన్న "మనకి వరదకి కట్టేస్తారు, వీళ్లకి మంచుకి" అన్నారు.

ఇప్పుడు కొట్టు సంగతి. వాల్ డ్రగ్ అన్న పేరు ఫోన్లో వినగానే అమ్మ కంగారు పడింది, మన దగ్గర డ్రగ్ అంటే వేరే కదా. ఇక్కడ డ్రగ్ స్టోర్ అంటే మందుల షాపు, వాల్ అంటే ఆ ఊరి పేరు. దగ్గర్లో బ్యాడ్‌ల్యాండ్స్ అనే మట్టి కొండలు గోడలా లేచి ఉంటాయి కాబట్టి ఊరికి ఆ పేరు. 1931 డిసెంబరులో టెడ్ హస్టెడ్ అనే కుర్ర ఫార్మసిస్టు, తన తండ్రి వదిలివెళ్లిన మూడు వేల డాలర్లతో ఈ ఊళ్లో ఉన్న చిన్న మందుల షాపు కొన్నాడు. భార్య పేరు డొరొతీ. అమెరికా అంతా పనుల్లేక అల్లాడుతున్న రోజులు, దానికి తోడు ఇక్కడ కరువు, దుమ్ము తుఫానులు. అయిదేళ్లు చూద్దాం, నిలదొక్కుకోకపోతే వెళ్లిపోదాం అని ఆలుమగలు గడువు పెట్టుకున్నారు. అయిదో ఏడాది వేసవి వచ్చినా షాపులోకి ఈగలు తప్ప మనుషులు రాలేదు.

అది 1936. ఈ రాష్ట్రంలో ఆ ఏడాది ఎలాంటిదో ఒక్క మాటలో చెప్తాను. ఫిబ్రవరిలో మెకింటాష్ అనే ఊళ్లో ఉష్ణోగ్రత మన లెక్కలో మైనస్ యాభైకి పడింది, జులైలో గాన్ వ్యాలీ దగ్గర దాదాపు 49 డిగ్రీలకి ఎక్కింది. రాష్ట్ర చరిత్రలో అతి తక్కువ ఉష్ణోగ్రత ఆ ఏడాదిదే, అతి ఎక్కువా ఆ ఏడాదిదే (2006లో మరో ఊరు ఆ వేడిని అందుకుంది గాని దాటలేదు). రెంటచింతల ఎండ తెలిసినవాళ్లకి 49 అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. కార్లలో ఏసీలు లేని రోజులు. అప్పటికే రష్‌మోర్ కొండ చెక్కుతున్నారు, అది చూడ్డానికి జనం పాత హైవే 16 మీద కిటికీలు దించుకుని, దుమ్ము మింగుతూ, ఈ ఊరి పక్క నుంచే వెళ్లిపోయేవాళ్లు.

జులైలో ఒక ఆదివారం మధ్యాహ్నం డొరొతీ పిల్లల్ని పడుకోబెట్టి తనూ కాసేపు పడుకుందామని ఇంటికి వెళ్లింది. కార్ల చప్పుడుకి నిద్ర పట్టలేదు. గంటలో షాపుకి తిరిగొచ్చి, ఇంతమంది ఇంత ఎండలో వెళ్తున్నారు, వీళ్లకి కావాల్సింది చల్లటి నీళ్లు, మన దగ్గర ఐసు ఉంది, బోర్డులు పెడదాం అని మొగుడికి చెప్పింది. టెడ్ ఒక హైస్కూలు కుర్రాణ్ని వెంటబెట్టుకుని రోడ్డు పక్కన వరసగా బోర్డులు పాతాడు, ఒక్కో బోర్డు మీద రెండు మూడు మాటలు, అన్నీ కలిపి చదివితే చిన్న పాట. చివరి బోర్డు పాతి వెనక్కి వచ్చేసరికే షాపు ముందు కార్లు ఆగి ఉన్నాయి. మరుసటి వేసవికి ఎనిమిది మంది అమ్మాయిల్ని పనికి పెట్టుకోవాల్సి వచ్చింది.

నాన్నకి ఈ కథ కారులో చెప్తుంటే "అంటే చలివేంద్రమే కదే" అన్నారు. నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. తాటాకు పందిరి, తడి గుడ్డ చుట్టిన కుండలు, పొడుగు కాడ గరిటె, రోహిణి కార్తెలో బస్టాండు దగ్గర దాహంతో వచ్చినవాడి కులం గోత్రం అడక్కుండా దోసిట్లో నీళ్లు పోసే మనిషి. ఇక్కడ నీళ్లు తాగినవాడు ఒక ఐస్‌క్రీమో సోడానో కూడా కొనుక్కుంటాడని ఆ ఇల్లాలికి తెలుసు, అది వ్యాపారమే. అయినా నీళ్లకి మాత్రం అప్పుడూ డబ్బు తీసుకోలేదు, ఇప్పుడూ తీసుకోరు. ఇన్నేళ్లలో ఊరు పెద్దగా పెరగలేదు, ఇప్పటికీ జనాభా వెయ్యి లోపే, కొట్టు మాత్రం వీధి పొడుగునా పెరిగింది. ఏడాదికి ఇరవై లక్షల మంది దాకా వస్తారని చెప్తారు.

కొట్టు లోపల నేను ఏం చేస్తానో, మీరేం చెయ్యాలో వరసగా రాస్తాను అనుకున్నా గాని నిజానికి అక్కడ వరస ఉండదు. ఒక గదిలోంచి ఇంకో గది, బూట్లు, తోలు బెల్టులు, టోపీలు, రాళ్లు, మిఠాయిలు, చిన్న ప్రార్థన మందిరం, గోడల నిండా పాత ఫొటోలు. ముందు డోనట్, కాఫీ తీసుకోండి. అక్కడే వేయించే డోనట్లు, పొద్దున్నే వెళ్తే ఇంకా వెచ్చగా ఉంటాయి, బయట కరకరగా లోపల మెత్తగా, మా పాప అయితే దీని కోసమే వస్తుంది. కాఫీ నిజంగానే అయిదు సెంట్లు, డబ్బాలో మనమే వేయాలి. మన ఫిల్టరు కాఫీ తాగే నాలుకకి అది పల్చగా ఉంటుంది, నాకు ఇబ్బంది లేదు. భోజనాల్లో ఇక్కడ పేరున్నది బీఫ్ సాండ్‌విచ్, కాబట్టి మాలాంటి వాళ్లు పొద్దుట టిఫిన్ టైముకి వెళ్లి గుడ్లు, పాన్‌కేకులు, డోనట్లు తినడం మంచిది. మేం మాత్రం బయట కారు దగ్గర పులిహోర తిన్నాం. తినకపోయినా ఆ భోజనాల హాలులోకి వెళ్లి గోడలు చూడండి. పశువులు, గుర్రాలు, ప్రెయిరీ గడ్డి మైదానాల పెయింటింగులు, అన్నీ చేత్తో వేసిన అసలు బొమ్మలే, వందల్లో ఉన్నాయి. మ్యూజియంలో అయితే టిక్కెట్టు కొని చూసే సరుకు ఇక్కడ టీ తాగుతూ చూడొచ్చు.

బంగారం గురించి మన ఆడవాళ్లు తప్పకుండా అడుగుతారు. బ్లాక్ హిల్స్ గోల్డ్ అని ఇక్కడి ప్రత్యేకం: ద్రాక్ష ఆకులు, ద్రాక్ష గుత్తుల డిజైను, ఆకులు ఒకటి గులాబీ రంగులో, ఒకటి ఆకుపచ్చ ఛాయలో. బంగారంలో రాగి, వెండి పాళ్లు మార్చి ఆ రంగులు తెస్తారు. చాలా ముచ్చటగా ఉంటుంది. కాకపోతే ఎక్కువగా 10 క్యారెట్లదే, మన 22 క్యారెట్ల లెక్కతో పెట్టుబడి అనుకుని కొనొద్దు. జ్ఞాపకంగా ఒక చిన్న జత కమ్మలు కొనుక్కోండి. అమ్మకి నేను అదే పంపాను.

మందుల కౌంటరు చూసి నాన్న ఆశ్చర్యపోయారు. ఇంత తిరునాళ్ల మధ్యలో పాత కాలపు సీసాలు పేర్చిన అద్దాల బీరువాలు, పక్కనే మామూలు మందులు. పాపకి కారులో కడుపు తిప్పితే వాంతుల మాత్ర అక్కడే కొన్నాం. నన్ను అడిగితే ఈ కొట్టులో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది అదే, ఎనభై అడుగుల డైనోసారు బొమ్మ హైవే పక్కన నిలబెట్టినా, వెనక పెరట్లో కొమ్ముల కుందేలు బొమ్మ మీద పిల్లల్ని ఎక్కించి ఫొటోలు తీయించినా, మొదలైన పని మర్చిపోలేదు.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, చాలామంది ఆ పెరట్లోనే ఆగిపోయి పుస్తకాల గదికి రారు. కౌబాయ్ బొమ్మలు ముందుంటాయి, ఈ నేల ఎవరిదన్న కథ లోపలి గదిలో ఉంటుంది. ఆ గది చిన్నదే గాని చాలా మంచిది. ఇక్కడి ఆదివాసీలైన లకోటాల గురించి, ఈ నేల గురించి నేను చదివిన మంచి పుస్తకాల్లో సగం అక్కడే కొన్నాను. వాల్‌కి దక్షిణాన బ్యాడ్‌ల్యాండ్స్, దాన్ని ఆనుకునే పైన్ రిడ్జ్ రిజర్వేషన్, ఓగ్లాలా లకోటాల నేల, 1890 డిసెంబరు 29న సైన్యం వందల మందిని కాల్చి చంపిన ఊండెడ్ నీ అక్కడే. పడమట బ్లాక్ హిల్స్, వాళ్ల మాటలో పహా సాపా. 1868 ఒప్పందంలో అవి మీవే అని రాసిచ్చి, 1874లో బంగారం కనపడగానే మాట తప్పి, 1877లో లాగేసుకున్నారు. 1980లో అమెరికా సుప్రీంకోర్టే ఇది అన్యాయం, పరిహారం ఇవ్వాల్సిందే అంది, వడ్డీతో కలిపి పది కోట్ల డాలర్ల పైమాట. వాళ్లు ఆ డబ్బు ముట్టుకోలేదు. మాకు కొండలు కావాలి, డబ్బు వద్దన్నారు. ఆ సొమ్ము వడ్డీతో పెరిగి వంద కోట్లు దాటింది, ఇప్పటికీ అలాగే ఉంది. ఇది తెలియకుండా రష్‌మోర్ ముందు నిలబడి సెల్ఫీ తీసుకోవడం నాకు మనస్కరించదు. డకోటా అంటే వాళ్ల భాషలో స్నేహితులు అని అర్థం, రాష్ట్రం పేరే వాళ్లది.

దారి విషయంలో నా సలహా ఒకటే. నేరుగా 110 ఎగ్జిట్‌కి వెళ్లకండి, 131 దగ్గర దిగి హైవే 240 మీద బ్యాడ్‌ల్యాండ్స్ లోంచి తిరిగి వాల్‌లోకి రండి. ఆగుతూ వస్తే రెండు మూడు గంటలు, కాని ఆ చారల చారల మట్టి కొండలు, ఒక పొర పసుపు, ఒక పొర ఎరుపు, వాటి మధ్య పెద్ద కొమ్ముల అడవి గొర్రెలు, ఎంత చూసినా తనివి తీరదు. అక్కడ నీడ ఉండదు. ఆ ఎండలోంచి బయటికి వచ్చి వాల్ డ్రగ్ పెరట్లో కొళాయి దగ్గర ఐసు నీళ్లు తాగితే ఆ బోర్డులు ఎందుకు పెట్టారో గొంతుకే తెలుస్తుంది. ఆగస్టు మొదట్లో మాత్రం వెళ్లకండి, స్టర్జిస్‌లో మోటారు సైకిళ్ల జాతర, 1938 నుంచి జరుగుతోంది, లక్షల మంది వస్తారు. ఒకసారి తెలియక అప్పుడే వెళ్లాం, ఆ దారిలో ఒక మోటెల్ వాళ్లు బుక్ చేసిన గది వేరేవాళ్లకి ఇచ్చేసి రాత్రి పదింటికి చేతులెత్తేశారు, చంటిపిల్లతో కారులోనే పడుకున్నాం. మే ఆఖరు, జూన్, లేదా సెప్టెంబరు మంచిది.

నాన్న కొళాయి దగ్గర మూడు గ్లాసులు తాగారు. నాలుగోది నింపుకుని నీడలో బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లని చూస్తూ, "ఆవిడ ఉందా?" అని అడిగారు. లేదు నాన్నా, ఇద్దరూ పోయారు, ఇప్పుడు వాళ్ల తర్వాతి తరాల వాళ్లు చూసుకుంటున్నారు అన్నాను. లోపలికి వెళ్లి ఆ పాత ఫొటోల్లో డొరొతీ ఎక్కడుందో వెతికి చూపించాను.

అడిగినవాళ్లకి చిన్న బోర్డులు ఉచితంగా ఇస్తారు, ఎక్కడైనా పెట్టుకోమని. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు ఎక్కడెక్కడో పాతారట, వాల్ డ్రగ్‌కి ఇన్ని మైళ్లు అని. నాన్న ఒకటి అడిగి తీసుకుని సూట్‌కేసులో చొక్కాల మధ్య పెట్టుకుని కొవ్వూరు పట్టుకెళ్లారు. ప్రతి వేసవీ మా ఇంటి గేటు బయట రెండు కుండలు పెడతారు, వాటి పైన గోడకి కొడతారట. కింద మైళ్లు రాయాలి, కొవ్వూరు నుంచి వాల్‌కి ఎన్ని మైళ్లో చూసి చెప్పమని నిన్న మళ్లీ ఫోన్ చేశారు.